అరీథా ఫ్రాంక్లిన్: గొంతు సరే, ఆ పియానో సంగతేంటి?

మీరడిగినవి నాలుగు. అమెరికన్ గాయని అరీథా ఫ్రాంక్లిన్‌ని ‘క్వీన్ ఆఫ్ సోల్’ అని ఎందుకంటారు (సోల్ అంటే చర్చి పాటల ఊపుని ప్రేమపాటల్లోకి తెచ్చిన నల్లజాతి సంగీతం)? అంత గొంతు పెట్టుకుని మొదటి ఆరేళ్లు ఎందుకు వెలగలేదు? ‘రెస్పెక్ట్’ పాట రేడియోలో ఎన్నిసార్లు మోగినా ఆవిడకు పైసా రాలేదన్నది నిజమేనా? కొత్తగా వినేవాళ్లు దేనితో మొదలుపెట్టాలి?

మొదటి రెండు ప్రశ్నలకూ జవాబు ఒకటే, పియానో. అందరూ గొంతు గురించే మాట్లాడతారు. గొంతు మామూలుది కాదు, అందులో పేచీ లేదు. కానీ ఆవిడ రికార్డుల్లో పండినవన్నీ ఒక పక్క, చప్పబడినవన్నీ ఇంకో పక్క పెట్టి చూడండి. పండినవాటిలో చాలావాటికి పియానో వాయించింది ఆవిడే. పాట ఏ నడకలో వెళ్లాలి, ఎక్కడ ఊపిరి తీసుకోవాలి, వెనక పాడేవాళ్లు ఎక్కడ అందుకోవాలి, ఇవన్నీ ఆ వేళ్లలోంచే వచ్చేవి. పియానో దగ్గర్నుంచి లేపి మైకు ముందు నిలబెట్టినప్పుడల్లా మంచి గాయని వినిపిస్తుందే గానీ అరీథా వినిపించదు.

ఆ పియానో ఎక్కడిదంటే చర్చిది. అరీథా 1942 మార్చి 25న టెనెసీ రాష్ట్రంలోని మెంఫిస్‌లో పుట్టింది. తండ్రి సి.ఎల్. ఫ్రాంక్లిన్ బాప్టిస్ట్ పాస్టరు. కుటుంబం బఫలో మీదుగా డెట్రాయిట్ చేరాక న్యూ బెతెల్ చర్చి ఆయనదే అయింది. ఆయన ప్రసంగాలు గ్రామఫోన్ రికార్డులుగా అమ్ముడుపోయేవంటే ఆయన స్థాయి అర్థం చేసుకోండి. ప్రసంగం మాటల్లో మొదలై చివరికొచ్చేసరికి రాగంలోకి ఎక్కేది. కూతురి పాటలోనూ అదే పద్ధతి, ముందు చెప్పినట్టు పాడటం, తర్వాత పైకి లేపడం. తల్లి బార్బరా 1952లో గుండెపోటుతో పోయేనాటికి అరీథాకు పదేళ్లు నిండలేదు. ఇంటికి వచ్చిపోయేవాళ్లలో క్లారా వార్డ్, మహాలియా జాక్సన్, జేమ్స్ క్లీవ్‌లాండ్ లాంటి గాస్పెల్ (నల్లజాతి చర్చి పాటలు) ఉద్దండులు ఉండేవారు. పియానో టీచరును పెడితే ఆవిడకు దొరక్కుండా దాక్కునేదట. చెవితో విని పట్టుకుంది, కార్డ్స్ (ఒకేసారి నొక్కే స్వరాల గుంపులు) కొన్ని క్లీవ్‌లాండ్ చూపించాడు. స్వరలిపి చదవడం నేర్చుకోలేదు. 1956లో, పద్నాలుగేళ్ల వయసులో న్యూ బెతెల్‌లో పాడిన గాస్పెల్ పాటలే ఆవిడ తొలి రికార్డులు. పదహారేళ్లు నిండేలోపే ఇద్దరు బిడ్డల తల్లి కూడా. నాయనమ్మా, అక్క ఎర్మా పిల్లల్ని చూసుకుంటే తను పాటకు వెళ్లేది.

ఇక ఆ ఆరేళ్ల కథ. 1960లో కొలంబియా రికార్డు కంపెనీలో జాన్ హామండ్ ఆవిడ డెమో విని ఒప్పందం చేసుకున్నాడు. జాజ్ గాయని బిల్లీ హాలిడేని వెలుగులోకి తెచ్చినవాడు ఆయనే, మనిషిని గుర్తుపట్టడంలో పొరపాటు లేదు. పొరపాటంతా తర్వాత ఏం పాడించాలన్న దగ్గర. బ్రాడ్‌వే నాటకాల పాటలు, జాజ్ ప్రమాణగీతాలు, వాటి మీద వయొలిన్ల పొర. ముందే రాసిపెట్టిన ఆర్కెస్ట్రాకు గాయని సర్దుకోవాలి తప్ప గాయని పియానోకు ఆర్కెస్ట్రా సర్దుకోదు. 1961లో ‘రాక్ ఎ బై యువర్ బేబీ’ పాప్ పట్టికలో, అంటే వారం వారం పాటల ఆదరణ చూపే చార్టులో, 37వ స్థానం దాకా వెళ్లింది. కొలంబియాలో ఉన్నంతకాలం పాప్‌లో దాన్ని మించింది రాలేదు. అయితే తప్పంతా కంపెనీ మీదే వేసేవాళ్లతో నేను ఏకీభవించను. ఆ పాటలు పాడాలని అరీథాకూ ఉండేది. గాయకుడు శామ్ కుక్ చర్చిలోంచి బయటికొచ్చి పెద్ద హాళ్లకు వెళ్లిన దారి ఆవిడ కళ్లముందుంది. 1964లో గాయని డైనా వాషింగ్టన్ స్మృతిలో చేసిన ‘అన్‌ఫర్గెటబుల్’ ఆల్బం వినండి, కొలంబియా రోజులన్నీ దండగ అనే మాట మళ్లీ అనరు. లోటు పాటవంలో లేదు, పాట అల్లే పని ఆవిడ చేతిలో లేకపోవడంలో ఉంది.

1966 చివర్లో అట్లాంటిక్ కంపెనీకి చెందిన జెర్రీ వెక్స్‌లర్ ఆవిడను తీసుకున్నాడు. ఆయన చేసిన పని చాలా చిన్నది, తిరిగి పియానో ముందు కూర్చోబెట్టాడు. 1967 జనవరి 24న అలబామా రాష్ట్రం మజిల్ షోల్స్‌లో రిక్ హాల్ నడిపే ఫేమ్ స్టూడియోకి వెళ్లారు. రానీ షానన్ రాసిన ‘ఐ నెవర్ లవ్డ్ ఎ మ్యాన్’ తీసుకున్నారు. అక్కడి వాద్యగాళ్లు, అందరూ తెల్లవాళ్లే, మొదట్లో దారి దొరక్క తచ్చాడారు. స్పూనర్ ఓల్డమ్ వర్లిట్జర్ ఎలక్ట్రిక్ పియానో మీద ఒక చిన్న ముక్క పట్టాడు. ఆగి ఆగి తూలుతున్నట్టుండే ముక్క అది. రాజర్ హాకిన్స్ డ్రమ్స్ మీద తిశ్రంలో నెమ్మదిగా ఊపు పట్టాడు. అరీథా మామూలు పియానో మీద కార్డ్స్ వేసుకుంటూ పాడేసింది. రాతప్రతి లేదు, పాట అక్కడికక్కడే తయారైంది. ఇప్పుడు వినేటప్పుడు మొదటి పది సెకన్లు ఓల్డమ్ ముక్క మీదే చెవి పెట్టండి. తర్వాత ఆ ముక్కకూ అరీథా పియానోకూ మధ్య ఉన్న ఖాళీని గమనించండి. ఒకరి మీద ఒకరు ఎక్కరు.

అదే రోజు అంతా చెడింది కూడా. బాకా వాయించే ఒకడికీ, అరీథా భర్త, మేనేజరు అయిన టెడ్ వైట్‌కూ తాగుడు మీద మాటామాటా పెరిగింది. రాత్రి సర్దిచెబుదామని రిక్ హాల్ హోటలుకు వెళ్తే అది కొట్లాట దాకా పోయింది. మర్నాటికి దంపతులు న్యూయార్క్ వైపు వెళ్లిపోయారు. వారం రోజులకని వెళ్తే చేతికొచ్చింది పూర్తయిన పాట ఒకటి, ‘డూ రైట్ వుమన్’ అనే సగం పాట ఒకటి. వెక్స్‌లర్ మొదటిదాన్ని రేడియోవాళ్లకు పంపితే వెంటనే మోగడం మొదలైంది. కానీ సింగిల్ (వైపుకో పాట ఉండే చిన్న రికార్డు) అచ్చు వేయాలంటే రెండో వైపు పాట కావాలి, గాయని ఏమో కొన్నాళ్లు అందుబాటులో లేదు. చివరికి న్యూయార్క్‌లో కూర్చుని ఆ సగం పాటకు పియానో, ఆర్గన్ తనే చేర్చి, అక్క ఎర్మా, చెల్లెలు కరోలిన్‌తో వెనకపాట పాడించి పూర్తి చేసింది. తర్వాత మజిల్ షోల్స్ కుర్రాళ్లనే న్యూయార్క్ రప్పించారు. గొడవ ఊరితోనే గానీ వాళ్ల వాయిద్యంతో కాదుగదా.

‘రెస్పెక్ట్’ రికార్డయింది 1967 ఫిబ్రవరి 14న, న్యూయార్క్‌లోని అట్లాంటిక్ స్టూడియోలో. పాట ఓటిస్ రెడింగ్‌ది, 1965లో ఆయనే రాసి పాడాడు. అందులో మగవాడు సంపాదించి ఇంటికొస్తూ మర్యాద చూపమని అడుగుతాడు. అరీథా చేసిన మార్పుల్ని ఒక్కొక్కటే పట్టుకోవాలి, ఎందుకంటే వాటిలో ఏ ఒక్కటీ అలంకారం కోసం పెట్టింది కాదు. ఒకటి, ఇప్పుడు అడిగేది ఆడమనిషి, డబ్బు తన దగ్గరే ఉందని కూడా చెబుతుంది. దాంతో బతిమాలుడు కాస్తా షరతు అయిపోయింది. రెండు, పాట పేరుని అక్షరం అక్షరంగా విడదీసి పలకడం. జనం గుర్తుపెట్టుకున్నది అదే, కానీ ఓటిస్ పాటలో అది లేనే లేదు. మూడు, అక్కచెల్లెళ్ల వెనకపాట. వాళ్లు ‘రీ రీ రీ రీ’ అంటూ పదం మొదటి ముక్కను తరుముతారు. ‘రీ’ అనేది ఇంట్లో అరీథా ముద్దుపేరు కూడా. బుర్రకథలో కథకుడి పక్కన వంతలు మాట అందుకుని ఎగదోసినట్టే వాళ్లు ఊరికే తాళం వేయరు, కథను ముందుకు నెడతారు.

నాలుగోది సంగీతం తెలిసినవాళ్ల కోసం. ఓటిస్ పాటకు మధ్యభాగం లేదు. ఇక్కడ కింగ్ కర్టిస్ శాక్సఫోన్ కోసం శామ్ అండ్ డేవ్ అనే జంట పాడిన వేరే పాటలోని కార్డ్స్ తెచ్చి అతికించారు. పాట నడుస్తున్నది సి మేజర్‌లో. శాక్సఫోన్ రాగానే అడుగున ఎఫ్ షార్ప్ మైనర్, బి సెవెన్ పడతాయి. సి మేజర్‌కు వాటితో చుట్టరికమే లేదు. నేల జరిగినట్టనిపిస్తుంది, చివర్లో జి మీదకొచ్చి మళ్లీ సి లో దిగుతారు. కీబోర్డు ఉంటే ఈ మూడూ వరసగా నొక్కి చూడండి. కవర్ బ్యాండ్లు చాలావరకు తప్పేది ఇక్కడే. ఆ భాగాన్ని సి, ఎఫ్‌ల మధ్యే సర్దేస్తారు, తిరిగి వచ్చినప్పుడు కలగాల్సిన ఊరట పోతుంది. మొత్తం పాట రెండున్నర నిమిషాల లోపే. 1967 జూన్‌లో రెండు వారాలు పాప్ పట్టికలో మొదటి స్థానంలో ఉంది, రిథమ్ అండ్ బ్లూస్ పట్టికలో ఎనిమిది వారాలు. నల్లజాతి హక్కుల ఉద్యమం, ఆడవాళ్ల ఉద్యమం రెండూ దాన్ని తమ పాటగా తీసుకున్నాయి. అది ఎవరూ పథకం వేసి చేసింది కాదు.

నేర్చుకునే గాయకులకు ఒక మాట. అరీథాను అనుకరించేవాళ్లు మొదటి చరణం నుంచే సంగతులు కుమ్మరిస్తారు. ఆవిడ అలా చేయదు. మొదటిసారి వరుసను దాదాపు నేరుగా పాడుతుంది, మాట స్పష్టంగా పడాలి. రెండోసారి చివరి అక్షరం మీద ఒక చిన్న విరుపు. మూడోసారికి వినేవాడికి వరుస నోటికొచ్చేసి ఉంటుంది, అప్పుడు దాన్ని చెదరగొడుతుంది. మెట్లు లేకుండా మేడ మీద నిలబడితే ఎత్తు తెలియదు. సాధన చేయాలంటే 1968లో వచ్చిన ‘లేడీ సోల్’ ఆల్బంలోంచి ‘ఎయింట్ నో వే’ తీసుకోండి. రాసింది చెల్లెలు కరోలిన్. వెనకాల గాల్లో తేలుతున్నట్టు వినిపించే పై స్థాయి గొంతు సిస్సీ హ్యూస్టన్‌ది, అంటే విట్నీ హ్యూస్టన్ తల్లి. ముందు అరీథా గొంతుతో పాడి చూడండి, తర్వాత సిస్సీ గొంతుతో. రెండోదాన్ని అందుకోబోయి చాలామంది గొంతు బిగబట్టేస్తారు. అక్కడ బలం పెడితే శ్రుతి పైకి జారిపోతుంది, గాలి ఎక్కువ వదిలి తేలిగ్గా పట్టాలి.

అన్నిటికన్నా గొప్ప రికార్డు ఏదంటే మాత్రం నేను తడుముకోను. ‘అమేజింగ్ గ్రేస్’, 1972 జనవరి 13, 14 తేదీల్లో లాస్ ఏంజిలిస్ వాట్స్ ప్రాంతంలోని న్యూ టెంపుల్ మిషనరీ బాప్టిస్ట్ చర్చిలో రెండు రాత్రులు పాడిన గాస్పెల్. అప్పటికి పట్టిక మీద ఆవిడను కొట్టేవాళ్లు లేరు, అలాంటప్పుడు చర్చికి తిరిగెళ్లి పాడింది. పక్కన చిన్ననాటి గురువు జేమ్స్ క్లీవ్‌లాండ్, ఆయన సదరన్ కాలిఫోర్నియా కమ్యూనిటీ కోయిర్ (చర్చి గాయక బృందం). డ్రమ్స్ బెర్నార్డ్ పర్డీ, బేస్ చక్ రెయినీ, గిటార్ కార్నెల్ డూప్రీ, అంటే సోల్ రికార్డుల దళాన్నే చర్చిలో కూర్చోబెట్టారు. టైటిల్ పాట పదకొండు నిమిషాలకు దగ్గరగా ఉంటుంది. అందులో తాళం పట్టుకోవడానికి చూడకండి, దొరకదు. ఒక్కో మాటనూ సాగదీసి, ఆపి, కోయిర్ అరుపులు విని, దాని మీదుగా తర్వాతి మాట వేస్తుంది. ఒకచోట క్లీవ్‌లాండ్ తట్టుకోలేక మొహం కప్పుకుని ఏడుస్తూ కూర్చుండిపోతాడు. రెండో రాత్రి అరీథా పియానో వాయిస్తూ పాడుతుంటే తండ్రి లేచొచ్చి గుడ్డతో ఆవిడ మొహం మీది చెమట తుడుస్తాడు, ఆవిడ పాట ఆపదు. తర్వాత రెండు వారాలకే మహాలియా జాక్సన్ పోయింది, ఆవిడ అంత్యక్రియల్లోనూ అరీథా పాడింది. ఆల్బం రెండు మిలియన్ల పైన అమ్ముడుపోయింది. ఆవిడ జీవితంలో అత్యధికంగా అమ్ముడైన రికార్డు ప్రేమపాటలది కాదు, ఈ భజనలదే.

ఇవన్నీ మనం చూడగలిగామంటే సినిమా దర్శకుడు సిడ్నీ పొలాక్ ఆ రెండు రాత్రులూ చిత్రీకరించాడు గనుక. కానీ ఆ సినిమా 2018 దాకా బయటికి రాలేదు, మొదటి కారణం ఒక చెక్కపలక. కెమెరా, శబ్దం వేర్వేరు యంత్రాల్లో రికార్డయ్యే రోజుల్లో ప్రతి షాట్ మొదట్లో క్లాప్ కొట్టాలి. పలకలు కలిసే బొమ్మా, ఆ చప్పుడూ ఒకచోట పెడితే రెండూ కుదురుతాయి. ఈ షూటింగులో క్లాప్ కొట్టలేదు. పైగా కెమెరాలు చాలా ఉన్నాయి, ఆగుతూ మొదలవుతూ సుమారు ఇరవై గంటల ఫిల్మ్. ఏ ముక్క ఏ పాటలోదో పెదవుల కదలిక చూసి పోల్చబోయి చేతులెత్తేశారు. డబ్బాలు అలా ఉండిపోయాయి. పొలాక్ 2008లో చనిపోయాడు, అప్పటికి పని నిర్మాత అలన్ ఎలియట్ చేతికి వచ్చింది. డిజిటల్ పద్ధతిలో జత కుదిర్చాక అరీథాయే కోర్టుకెళ్లి విడుదల ఆపించింది, 2015లో టెల్యురైడ్ సినిమా ఉత్సవంలో చివరి క్షణంలో ప్రదర్శన ఆగింది. ఆవిడ పోయాక కుటుంబం ఒప్పుకుంది.

తర్వాతి కాలం మీద ఎక్కువసేపు నిలబడనక్కర్లేదు. డెబ్బైల చివర అట్లాంటిక్‌లో పాటలు పల్చబడ్డాయి. 1979లో తండ్రిని ఇంట్లో దొంగలు కాల్చారు, ఐదేళ్లు కోమాలో ఉండి 1984లో పోయారు. అరిస్టా కంపెనీలో 1985 నాటి ‘ఫ్రీవే ఆఫ్ లవ్’, 1987లో జార్జ్ మైకేల్‌తో పాడిన యుగళగీతం పెద్ద విజయాలు. ఆ ఏడాదే రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి తొలి మహిళగా వెళ్లింది. 1998 గ్రామీ వేడుకలో ఒపెరా గాయకుడు పవరొట్టి ఒంట్లో బాగోలేదని మానుకుంటే, అప్పటికప్పుడు ఆయన శ్రుతిలోనే ఆర్కెస్ట్రాతో ‘నెస్సున్ డోర్మా’ అనే ఒపెరా పాట పాడేసింది. శ్రుతి మార్చే వ్యవధి లేదు, ఆర్కెస్ట్రా కాగితాలు ఆయన గొంతుకు రాసినవి. 2009లో ఒబామా ప్రమాణస్వీకారంలో పాడింది. 2018 ఆగస్టు 16న డెట్రాయిట్‌లో క్లోమ క్యాన్సర్‌తో చనిపోయింది. మొత్తం 18 గ్రామీలు.

ఇప్పుడు డబ్బు సంగతి. పైసా రాలేదన్నది సగం నిజం. అమెరికాలో మామూలు ఏఎం, ఎఫ్‌ఎం రేడియో పాట వేస్తే రాయల్టీ రాసినవాళ్లకూ పబ్లిషరుకూ వెళ్తుంది, పాడినవాళ్లకు చట్టప్రకారం ఏమీ లేదు. కాబట్టి ‘రెస్పెక్ట్’ మోగినప్పుడల్లా ఆ ఆదాయం ఓటిస్ వైపుకే. డిజిటల్ ప్రసారాలకు గాయకుల వాటా ఉన్నా, 1972 ఫిబ్రవరి 15కు ముందు రికార్డయినవి ఫెడరల్ చట్టం కిందికి రాకపోవడంతో అందులోనూ గొడవే. దాన్ని సరిచేసిన మ్యూజిక్ మోడరనైజేషన్ చట్టం మీద సంతకం పడింది 2018 అక్టోబరులో, ఆవిడ పోయిన రెండు నెలలకు. ఎఫ్‌ఎం సంగతి అది కూడా ముట్టుకోలేదు. (మన దగ్గర 2012 కాపీరైట్ సవరణ గాయకులకు రాయల్టీ హక్కు రాసిపెట్టింది.) అయితే రికార్డుల అమ్మకం మీద వాటా, కచేరీల పారితోషికం వేరు. తనే రాసిన ‘రాక్ స్టెడీ’, ‘డే డ్రీమింగ్’, ‘కాల్ మీ’లకు రచయితగా రేడియో డబ్బూ వస్తుంది. ఆవిడ మాత్రం కచేరీ డబ్బు ముందే నగదుగా పుచ్చుకుని, ఆ చేతిసంచిని వేదిక మీద కళ్లకెదురుగా పెట్టుకుని పాడేది. పాత తరం నల్లజాతి కళాకారులు ఎన్నిసార్లు మోసపోయారో తెలిస్తే అది చాదస్తం అనిపించదు.

ఇంత జాగ్రత్త మనిషీ వీలునామా దగ్గర తడబడింది. పోయినప్పుడు వీలునామా లేదనుకున్నారు. 2019లో ఇంట్లో చేతిరాత కాగితాలు దొరికాయి. 2010 నాటివి తాళం వేసిన బీరువాలో, 2014 నాటివి స్పైరల్ నోటుపుస్తకంలో, సోఫా దిండ్ల కింద. రెండింటిలో పంపకాలు వేరు. కొడుకుల మధ్య కోర్టు దాకా వెళ్లి, 2023 జులైలో మిషిగన్‌లో జ్యూరీ గంటలోపే 2014 కాగితమే చెల్లుతుందని తేల్చింది. అందులో సంతకంలో ఒక నవ్వుముఖం బొమ్మ కూడా ఉంది.

వినడానికి వరస ఇది: ముందు 1967 ఆల్బం ‘ఐ నెవర్ లవ్డ్ ఎ మ్యాన్ ది వే ఐ లవ్ యూ’ మొత్తం, తర్వాత ‘లేడీ సోల్’, ఆ తర్వాత 1971 ‘లైవ్ ఎట్ ఫిల్‌మోర్ వెస్ట్’. అందులో రే చార్ల్స్ వేదికెక్కే ‘స్పిరిట్ ఇన్ ది డార్క్’ను మాత్రం వదలొద్దు. ‘అమేజింగ్ గ్రేస్’ చివరికి ఉంచండి. నచ్చితే 1999లో వచ్చిన పూర్తి రికార్డింగుల సంచిక తీసుకోండి, రెండు రాత్రులూ జరిగిన వరసలో ఉంటాయి. యాప్‌లో వెతికేటప్పుడు ఒక్క జాగ్రత్త. 2017లో రాయల్ ఫిల్‌హార్మోనిక్ ఆర్కెస్ట్రా పేరుతో వచ్చిన ‘ఎ బ్రాండ్ న్యూ మీ’ పైన కనబడితే దాటేయండి. పాత గొంతు మీద కొత్త వయొలిన్లు పరిచారు, పియానో అడుగున పడిపోయింది. కొలంబియావాళ్లు అరవైల్లో చేసిన పనే అది, యాభై ఏళ్ల తర్వాత ఇంకొకరు చేశారు.